బ్రౌనుదొర - పలుకుబడుల నిఘంటువు

గత సంవత్సరము మేము ఆంగ్లపాఠము చెప్పుచుండగా, ఒక వర్తకుడు ‘స్టికీ వికెట్’ మీద నున్నాడను వాక్యము వచ్చెను. ఒక బాలుడు లేచి, ఆ వర్తకుడు జిగురు పూసిన కొయ్యల మీద నిలుచున్నాడని తెలుగు చేసెను. తరగతి యంతయు నవ్వెను. మా అంబర్‌పేటకు ఉప్పలు క్రీడామైదానము దగ్గర గనుక మా బాలురకు క్రికెట్టు మాటలు కరతలామలకములు; ఐనను ఈ మాట వారికి చిక్కలేదు. నిజము చెప్పవలెనన్న, నల్లబల్లపై అర్థము వ్రాయుటకు ముందు మేమును కొంత తడుముకొంటిమి.

ఇంగ్లాండులో పూర్వము ఆటచోటును వానకు కప్పియుంచెడివారు కారు. తడిసిన నేల ఎండకు ఆరుచుండగా బంతి యెటు లేచునో, ఎటు తిరుగునో ఆటగానికి తెలియకుండెను. అట్టి నేలకే ఆ పేరు. అందుండి, ఇరకాటమున పడినవానికెల్ల ఆ మాట చెల్లెను. ఇప్పుడు నేలను కప్పి కాపాడుచున్నారు గనుక మన బాలురు అట్టి ఆటను చూచియే యుండరు. ఆట మారినను మాట మిగిలినది.

ఇట్టి చిక్కు తెలుగువారికి క్రొత్తది కాదు. దానిని తీర్చుటకై నూట డెబ్బది యేండ్లకు పూర్వమే యొక ఆంగ్లేయుడు పెద్ద గ్రంథమును కూర్చెను. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను మతబోధకుడు, బహుభాషావేత్త. 1812లో తండ్రి గతించిన పిమ్మట కుటుంబము ఇంగ్లాండునకు చేరెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో చార్లెస్ ఉద్యోగార్థియై చెన్నపట్నమున దిగెను. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరము రాదు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద ఓనమాలు మొదలుపెట్టి, 1820లో కడపకు కలెక్టరు సహాయకుడుగా పోయెను.

అచ్చట వచ్చినది అసలు కష్టము. రైతు కచేరీకి వచ్చి మొరపెట్టుకొనునప్పుడు కావ్యభాషలో మాటలాడునా? ఒకడు కాళ్ళకు బుద్ధిచెప్పెనన్నచో, ఆ మూడు మాటలను విడివిడిగా నెరిగిన పరదేశికి దొంగ పారిపోయెనని యెట్లు తెలియును? మా బాలుడు వికెట్టు వద్ద తొట్రుపడినట్లే బ్రౌనుదొర వంటివారును తెలుగు పలుకుబడుల వద్ద తొట్రుపడవలసినవారే. కాని ఆయన సిగ్గుపడి విడిచిపెట్టలేదు. కచేరీలోను, వీధిలోను విన్న మాటలను పోగుచేయసాగెను. కడపలోను మచిలీపట్నములోను బాలురకు ఉచిత పాఠశాలలను పెట్టించెను. వేమన పద్యములను వెదకి, ఆంగ్లానువాదముతో 1829లో 693 పద్యములను అచ్చువేయించెను. కడపలో ఒక తోట యింటిని కొని, జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగు పండితులకు జీతము లిచ్చి తాళపత్రములను సరిచూపించెను. ఆ జీతములు ప్రభుత్వమిచ్చినవి కావు. స్వంత ధనము చాలక దొరగారు అప్పులపాలయ్యెను. ఇంటిపెద్దలు కొందరు దీనిని వివేకమనరు. మేము మాత్రము ఆ అప్పును తప్పుపట్టజాలము.

ఒక్క మాట మనుజుల ప్రాణములకు సంబంధించిన సందర్భమును ఆయన జీవితమున గలదు. 1832-33లో గుంటూరు సీమను నందన కరవు క్రమ్మెను. తిండిలేక జనులు గుంపులుగా చనిపోయిరి, ఊళ్ళు పాడుపడెను. అధికారులకు ‘స్కేర్సిటీ’, అనగా కొరత, అను మెత్తని మాట యిష్టముగా నుండెను. బ్రౌను తన వ్రాతలలో ‘ఫామిన్’, అనగా క్షామము, అనియే వ్రాసెను. కొరత యన్నచో కచేరీలు నిదానింపవచ్చును. క్షామమన్నచో గంజి పోయవలెను. పైవారికది రుచింపలేదు. ఐనను ఆయన మాట మార్చలేదు. మేము ఆయనను గౌరవించుటకు నిఘంటువులకంటె ఇదియే పెద్ద కారణము.

కొలదికాలము ఇంగ్లాండులో గడపి, 1838లో మరల చెన్నపట్నమునకు వచ్చెను. 1840లో ఆంగ్లమున తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. పోస్టుమాస్టరు జనరలు పదవిలో నుండియు పని మానలేదు. 1852 మొదలు 1854 వరకు మూడు నిఘంటువులు వెలువడెను. తెలుగు-ఆంగ్ల నిఘంటువులో పండితులు గ్రామ్యమని త్రోసివేయు వ్యవహారపు మాటలకును చోటిచ్చెను. మిశ్రభాషా నిఘంటువులో కచేరీలయందు వాడుకలోనున్న అన్యదేశ్యములను చేర్చెను. ఇక ఆంగ్ల-తెలుగు నిఘంటువున కాయన పెట్టిన పేరులోనే ఆంగ్ల పలుకుబడులను తెలుగున వివరించునదియు, ఉచ్చారణ తెలుపునదియు నని చాటెను. అనగా అది దొరలకొరకు మాత్రమే కాదు, ఆంగ్లము నేర్చు తెలుగు బాలునికొరకు గూడ. మాటకు మాట యిచ్చి ఊరకుండక, ఆ మాట యితరములతో కలిసినప్పుడు ఏమి చెప్పునో తెలుపుటయే యందలి శ్రమ.

ఐనను ఆటమాటలన్నియు అందు దొరకవు. దొరకుటెట్లు? నేడు మన బాలురు పరీక్షలో మూడుమారులు ప్రథములైనను వాడుకొను ‘హ్యాట్రిక్’ అను మాటకు కారణమైన ఆట 1858లో షెఫీల్డు నగరమున జరిగెను. మూడు బంతులకు ముగ్గురిని వరుసగా పడగొట్టిన స్టీఫెన్‌సన్ అను ఆటగానికి చందా వసూలుచేసి టోపీ నొసగిరి. అప్పటికి బ్రౌను నిఘంటువు అచ్చయి, దొర ఇంగ్లాండునకు మరలిపోయి యుండెను.

1855లో ఉద్యోగము విడిచి లండను చేరిన ఆయన, 1865 మొదలు అచ్చటి యూనివర్సిటీ కళాశాలలో తెలుగు ఉపాధ్యాయుడుగా నుండెను. 1884 డిసెంబరు 12వ తేదీన కాలధర్మము నొందెను. ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువును 1903లో కందుకూరి వీరేశలింగము పంతులు మొదలగువారు సంస్కరించి మరల వెలువరించిరి. కడపలో పండితులు తాళపత్రములను సరిచూచిన ఆ తోట యింటి స్థలమున నేడు ఆయన పేరిట గ్రంథాలయము నిలిచియున్నది.