కర్నల్ సి. కె. నాయుడు

క్రికెట్టు ఆటయందు బ్యాటుతో కొట్టిన బంతి నేలను తాకక మైదానపు హద్దును దాటినచో ఆరు పరుగులు లభించును. దానిని సిక్సరందురు. అమెరికా దేశీయుల బేస్‌బాల్ ఆటలో ఇట్టి దెబ్బకే హోమ్‌రన్ అని పేరు. 1927లో ఒక్క యేట 60 హోమ్‌రన్‌లు కొట్టి ఖ్యాతిగాంచిన బేబ్ రూత్ 1895లో జన్మించెను. ఆ సంవత్సరముననే అక్టోబరు 31వ తేదీన నాగపూరులో, ఒక తెలుగు కుటుంబమున, కొఠారి కనకయ్య నాయుడుగారు జన్మించిరి.

ఆ కాలమున బొంబాయిలో మతములనుబట్టి జట్లు ఏర్పడి పోటీ పడుచుండెడివి. 1916లో హిందువుల జట్టు యూరోపియనుల నెదుర్కొని ఏడు వికెట్లు కోల్పోయిన సమయమున నాయుడుగారు బ్యాటు చేపట్టిరి. మొదటి మూడు బంతులను అడ్డుకొని, నాల్గవదానిని సిక్సరుగా కొట్టిరి. క్రొత్తవాడు బెదరునని తలచినవారికి అదే సమాధానము.

ఆయన కీర్తి దేశమంతట వ్యాపించినది 1926లో. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం. సి. సి. జట్టు మన దేశమునకు వచ్చెను. అప్పటికి భారతీయులు ఆంగ్లేయులతో సమానముగ ఆడగలరను నమ్మకము పలువురకు లేదు. పోటీ జరిగిన బొంబాయి జింఖానా దొరలది. భారతీయులు అచట ఆడవచ్చును గాని సభ్యులు కారాదు. ఆంగ్లేయ ఆటగాడు గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 పరుగులు చేసి ప్రేక్షకులను నివ్వెరపరచెను.

మరునాడు, డిసెంబరు 1వ తేదీన, నాయుడుగారి వంతు వచ్చెను. ఆయన ఆజానుబాహువు. బంతి పడుచోటికి ముందుకురికి దానిని గగనమున కెగురగొట్టిరి. ఆ వార్త నగరమున ప్రాకగా జనులు పనులు మాని పరుగెత్తుకొని వచ్చి, చోటు చాలక చెట్లను, మేడలను ఎక్కిరి. రెండు గంటలైనను నిండకమునుపే 153 పరుగులు పూర్తియయ్యెను. అందు సిక్సర్లు 11, ఫోర్లు 13. అనగా 118 పరుగులు హద్దు దాటిన బంతులవలననే వచ్చినవి! ఎం. సి. సి. వారు మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. భారతీయుల ఆటను స్వయముగ చూచిన గిల్లిగన్ ప్రోత్సాహమున 1928లో అఖిలభారత క్రికెట్టు సంఘము వెలసెను.

1932లో భారత జట్టు ఇంగ్లండునకు వెడలెను. దానికి నాయకుడు పోరుబందరు మహారాజు. కాని లార్డ్సు మైదానమున జూన్ 25న ఆరంభమైన మన మొదటి టెస్టుకు నాయకత్వము నాయుడుగారికే దక్కెను. రాజవంశీయుడు కానివాని ఆజ్ఞకు లోబడుట కొందరు ఆటగాండ్రకు రుచింపలేదు. ఆయన చేతికి గాయమైనను ఆడి 40 పరుగులు చేసిరి. జట్టు ఓడినది. ఆ వేసవిలో ఆయన మొత్తము 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు పడగొట్టిరి. బర్మింగుహాములో ఆయన కొట్టిన బంతి యొకటి మైదానము ప్రక్కనున్న ఏటిని దాటి పొరుగు జిల్లాలో పడెనని చెప్పుకొందురు.

హోల్కారు మహారాజు ఆయనను ఇండోరునకు రప్పించి సైన్యమున పదవి నిచ్చిరి. శిక్షణలో ఆయన కఠినుడు, సోమరితనమును సహింపరు. 1946లో, ఏబది యేండ్లు నిండిన పిమ్మట, రంజీ పోటీ తుదియాటలో 200 పరుగులు చేసి హోల్కారు జట్టును గెలిపించిరి. 1953లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలలో దిగినపుడు 58 యేండ్ల నాయుడుగారే దానికి నాయకులు. 1956లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నొసగెను. 1963లో, 68 యేండ్ల ప్రాయమున, ఒక ధర్మకార్యార్థము చివరిసారిగ మైదానమున దిగిరి. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసిరి.