కాశీనాథుని నాగేశ్వరరావు

కాశీనాథుని నాగేశ్వరరావు (మే 1, 1867 - ఏప్రిల్ 11, 1938) అమృతాంజనం సంస్థను నెలకొల్పిన పారిశ్రామికుడు, ఆంధ్రపత్రిక, భారతి పత్రికల స్థాపకుడు, స్వాతంత్ర్య సమర యోధుడు, గ్రంథాలయోద్యమ పోషకుడు. తెలుగువారు ఈయనను నాగేశ్వరరావు పంతులు అని గౌరవంగా పిలుచుకున్నారు. దేశోద్ధారక, విశ్వదాత అనే బిరుదులు ఈయన పేరుతో కలిసిపోయాయి. వర్తకం వంశవృత్తి కాని కుటుంబంలో పుట్టి, పరాయి నగరంలో చిన్న ఔషధ వ్యాపారంతో మొదలుపెట్టి, ఆ వ్యాపారం ఇచ్చిన శక్తితో ఒక జాతికి నాయకుడుగా ఎదిగిన వ్యక్తి ఈయన. అందువలన ఈయన జీవితము చరిత్ర విద్యార్థులకే గాక, కొత్తగా చిన్న వ్యాపారము ప్రారంభించేవారికి కూడా పాఠ్యగ్రంథము వంటిది.

బాల్యము, విద్యాభ్యాసము

నాగేశ్వరరావు కృష్ణా జిల్లాలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించాడు. ప్రాథమిక విద్య స్వగ్రామంలోను, తరువాతి చదువు మచిలీపట్నంలోను సాగింది. 1891లో మద్రాసు క్రిస్టియన్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రికలో వ్రాసిన వ్యాసాలు ఈయనను ప్రభావితం చేశాయి. పత్రిక అనేది సమాజాన్ని కదిలించగల సాధనమని ఆనాడే గ్రహించినా, దానిని నడిపే స్తోమత సంపాదించడానికి ఈయనకు మరి పదిహేను సంవత్సరాలకు పైగా పట్టింది.

ఉద్యోగము నుండి వ్యాపారమునకు

ఆ రోజులలో పట్టభద్రుడైన యువకునికి సర్కారు కొలువు, లేదా ప్లీడరు వృత్తి సహజమైన మార్గాలుగా ఉండేవి. నాగేశ్వరరావు ఆ రెండింటిని కాదన్నాడు. మద్రాసులో కొద్దికాలం వ్యాపారం చేశాడు. పిదప కలకత్తాలోను, ఆ తరువాత బొంబాయిలోను ఉద్యోగాలు చేశాడు. దృష్టి మాత్రం స్వంత వ్యాపారంపైనే ఉండేది.

1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించాడు. తలనొప్పికి, ఒళ్ళునొప్పులకు పైపూతగా వాడే ఈ పసుపురంగు లేపనము చిన్న సీసాలలో అమ్మకానికి వచ్చింది. తొలినాళ్ళలో సీసా వెల పది అణాలు.

వ్యాపార విధానము

కొత్త మందుకు మొదటి ఆటంకము ధర కాదు, అపనమ్మకము. పేరు తెలియని సరుకును డబ్బు పెట్టి కొనడానికి ఎవరూ సాహసించరు. నాగేశ్వరరావు దీనికి విరుగుడుగా సంగీత సభలలో అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టాడు. రాసుకున్నవారికి గుణం అక్కడికక్కడే తెలిసేది. ఘాటైన వాసన పక్కవారికి కూడా పరిచయమయ్యేది. పెట్టుబడి తక్కువగా ఉన్న వర్తకుడు సరుకును ఊరికే ఇవ్వడం పైకి నష్టంగానే కనిపిస్తుంది. కాని వాడి చూసినవాడే మరలా కొంటాడని, మరొకరికి చెబుతాడని ఈయన నమ్మకము. ఆ నమ్మకము ఫలించింది. అనతికాలంలోనే అమృతాంజనం ఇంటింటి వస్తువై, నాగేశ్వరరావును లక్షాధికారిని చేసింది.

ఈయన వ్యాపారంలో మరొక విశేషము గమనింపదగినది. అనేక రకాల సరుకులకు ఎగబడక, ఒక్క వస్తువును పట్టుకుని దాని పేరును నిలబెట్టాడు. ఆ పేరు గట్టిపడిన తరువాతనే ఇతర కార్యాలకు చేయి చాచాడు.

ఆంధ్రపత్రిక

1907లో జరిగిన సూరత్ కాంగ్రెసు మహాసభలకు హాజరైన నాగేశ్వరరావు, తెలుగువారికి జాతీయ భావాలను అందించే పత్రిక అవసరమని భావించాడు. 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించాడు. తెలుగు దేశానికి దూరాన, మరాఠీ, గుజరాతీ భాషలు వినిపించే నగరంలో తెలుగు పత్రికను అచ్చువేసి నడపడం సాహసమే. 1910 నుండి వెలువడిన ఉగాది సంచికలు సాహిత్యానికి, చరిత్రకు, కళలకు వేదికలై పాఠకుల ఆదరణ పొందాయి.

1914లో పత్రికను మద్రాసుకు తరలించి, ఏప్రిల్ 1న దినపత్రికగా ప్రారంభించాడు. కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధము మొదలై, వార్తల కోసం ప్రజలలో ఆతురత పెరిగింది. వారపత్రికకు దినపత్రికకు ఖర్చులో ఎంతో తేడా ఉంది. సిబ్బంది, కాగితము, తంతి వార్తలు, తపాలా ఖర్చు ప్రతిదినము తప్పనివి. అమృతాంజనం రాబడి వెనుక ఉన్నందువల్లనే ఈయన ఆ భారాన్ని తలకెత్తుకోగలిగాడు. పత్రికలోని ప్రకటనలు అమృతాంజనాన్ని పల్లెలకు చేర్చగా, అమృతాంజనం పత్రికను నిలబెట్టింది.

సమర్థులను చేరదీసి బాధ్యత అప్పగించడం ఈయన నాయకత్వ లక్షణము. స్వరాజ్య పత్రికలోని వ్యాసానికి 1908లో రాజద్రోహ నేరంపై జైలుశిక్షకు గురైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కొంతకాలము ఆంధ్రపత్రికకు సంపాదకత్వం వహించాడు. 1910 నాటి పత్రికా చట్టము ప్రకారము ప్రభుత్వము పత్రికల నుండి ధరావతు కోరవచ్చు, దానిని జప్తు చేయవచ్చు. అటువంటి కాలంలో శిక్ష అనుభవించి వచ్చిన వ్యక్తికి కలము అప్పగించడమంటే, కష్టించి కూడబెట్టిన సొమ్మును పణంగా పెట్టడమే.

సాహిత్య సేవ

1924 జనవరిలో భారతి మాసపత్రికను ప్రారంభించాడు. తెలుగు పరిశోధనకు, విమర్శకు, సృజనాత్మక రచనకు ఇది దశాబ్దాల పాటు ప్రమాణంగా నిలిచింది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి, ప్రాచీన గ్రంథాలను, ఆధునిక రచనలను సామాన్యులకు అందుబాటులో ఉండే వెలకు ప్రచురించాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము ఈ గ్రంథమాలలో వెలువడింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము 1923లో ఆయన మరణంతో ఆగిపోగా, నాగేశ్వరరావు ఆ బాధ్యతను స్వీకరించి 1930 దశకంలో సంపుటాలను వెలువరించాడు. గ్రంథాలయోద్యమానికి ధనసహాయం చేశాడు. ఈ కార్యాలలో ఏదీ లాభము కొరకు చేపట్టినది కాదు. లాభము వచ్చే వ్యాపారము చేతిలో ఉన్నందున చేయగలిగినవి.

రాజకీయ జీవితము

1924 నుండి 1934 వరకు గల కాలంలో నాలుగు పర్యాయాలు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుశిక్ష అనుభవించాడు. జైలులో ఉండగా భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాశాడు. సత్యాగ్రహములో చేరి జైలుకు వెళ్ళే నాటికి ఈయన వయస్సు అరవై దాటింది.

ఆంధ్రోద్యమ నాయకులలో ఈయన ముఖ్యుడు. ప్రత్యేక రాష్ట్రం ఏర్పడితే తమ ప్రాంతము వెనుకబడిపోతుందన్న సందేహము రాయలసీమ వారికి ఉండేది. కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులో ఈయన నివాసమైన శ్రీబాగ్ భవనంలో సమావేశమై 1937 నవంబరు 16న కుదుర్చుకున్న ఒప్పందమే శ్రీబాగ్ ఒడంబడికగా ప్రసిద్ధి చెందింది. రాయలసీమకు నీటిపారుదలలో ప్రాధాన్యము, రాజధాని లేక ఉన్నత న్యాయస్థానము వంటి అంశాలు ఇందులో ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు రాజధాని కావడానికి ఇదే ఆధారము.

చివరి రోజులు, వారసత్వము

1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఈయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1936లో అమృతాంజనం సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది. వ్యక్తి చేతిలో పుట్టిన వ్యాపారము ఆ వ్యక్తి తరువాత కూడా నిలవాలంటే అది సంస్థగా మారక తప్పదు. ఆ మార్పు ఈయన జీవించి ఉండగానే జరిగింది. 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు మరణించాడు. ఆ తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రికల బాధ్యతను స్వీకరించాడు.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం మాత్రము 21వ శతాబ్దంలో కూడా ప్రజల వాడుకలో నిలిచింది. మద్రాసు మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కు ఈయన పేరు మీదనే ఏర్పడింది. పత్రిక నడిపినది ఎనభై సంవత్సరాలకు పైగా. పది అణాల సీసా నడిచినది అంతకంటే ఎక్కువ కాలము. అయినా తెలుగువారు ఈయనను వర్తకుడుగా గాక దేశోద్ధారకుడుగానే గుర్తుంచుకున్నారు. సంపాదనను గమ్యంగా గాక సాధనంగా ఎంచినందువల్లనే ఈయనకు ఈ స్థానము దక్కింది.