నారాయణీయకర్త భట్టతిరి: నూరు దినాల చికిత్స

కేరళలోని గురువాయూరు శ్రీకృష్ణ సన్నిధి వాతరోగ పీడితులకు శరణ్యమని ప్రసిద్ధి. దేవగురువైన బృహస్పతి, వాయుదేవుడు కలసి ప్రతిష్ఠించిన మూర్తి కనుక ఆ క్షేత్రానికి గురువాయూరనే పేరు వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. స్వామిని వాతాలయేశుడని, పవనపురేశుడని భక్తులు కీర్తిస్తారు. దేహంలోని సమస్త చలనానికీ వాతమే ఆధారమని ఆయుర్వేదం. ఆ వాతమే ప్రకోపించి కాళ్లూ చేతులూ కదలని స్థితిలో ఒక యువ పండితుడు ఆ స్వామి ఎదుట కూర్చుండి చేసిన ప్రార్థనయే శ్రీమన్నారాయణీయం. ఆ మహనీయుడు మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి.

ఆయన సుమారు 1560లో, భారతపుళా నదికి సమీపంలో, తిరునావాయ ప్రాంతాన ఒక నంబూద్రి కుటుంబంలో జన్మించారు. తండ్రి మాతృదత్తుల వద్ద మీమాంసాది శాస్త్రాలను, మాధవాచార్యుల వద్ద వేదాన్ని, దామోదరుల వద్ద తర్కాన్ని, అచ్యుత పిషారటి వద్ద వ్యాకరణాన్ని అభ్యసించారు. తొలి యౌవనంలో ఆయన నిత్యకర్మలను విస్మరించి భోగలాలసులై ఉండగా పిషారటి తీవ్రంగా మందలించారని, ఆ మందలింపుతో కళ్లు తెరచి ఆయననే గురువుగా ఆశ్రయించారని ఐతిహ్యం. పిషారటి ఆలయ సేవకుల సముదాయానికి చెందినవారు. గ్రహగణితంలోనూ వ్యాకరణంలోనూ ఉద్దండులు. జన్మచేత తాను నంబూద్రి అయినా, విద్య ఉన్నచోట శిరస్సు వంచడానికి భట్టతిరి సంకోచించలేదు.

కొంతకాలానికి గురువుగారు వాతవ్యాధితో మంచం పట్టారు. గురువు పడుతున్న బాధను చూడలేక శిష్యుడు తన తపశ్శక్తితో ఆ వ్యాధిని తనలోకి ఆకర్షించుకొని, దానినే గురుదక్షిణగా భావించాడని పెద్దలు చెబుతారు. గురువు కోలుకున్నారు. పాతికేళ్లు దాటీ దాటని శిష్యుడు కదలలేనివాడయ్యాడు. ఔషధాలు ఫలించలేదు. ఆ స్థితిలో భట్టతిరి కర్తవ్యం తెలుపమని మలయాళ భక్తకవి తుంచత్తు ఎళుత్తచ్ఛన్ వద్దకు మనిషిని పంపారు. చేపతో మొదలుపెట్టమని సమాధానం వచ్చింది. శాకాహార నియమం గల కుటుంబంలో ఆ మాట విన్నవారు నొచ్చుకున్నారు. భట్టతిరి మాత్రం అంతరార్థాన్ని గ్రహించారు. అది ఆహారాన్ని గురించి చెప్పినది కాదు. మత్స్యావతారం మొదలుకొని భగవంతుని లీలలను గానం చేయమని ఆదేశం.

బంధువులు ఆయనను గురువాయూరుకు మోసుకొని వచ్చారు. గర్భాలయం ఎదుటి మండపంలో కూర్చుండి రోజుకు ఒక దశకం చొప్పున నూరు దినాలలో నూరు దశకాలు రచించారు. పద్దెనిమిది వేల శ్లోకాల భాగవత సారాన్ని వెయ్యికి కొంచెం మించిన శ్లోకాలలో ఇమిడ్చారు. మన పోతనగారి వలన ఇంటింటా నిలిచిన ప్రహ్లాద చరిత్ర ఇందులో 24వ దశకం, గజేంద్ర మోక్షణం 26వ దశకం. చాలా దశకాలు స్వామీ, నా రోగాన్ని తొలగించు అన్న వేడుకోలుతోనే ముగుస్తాయి. కవి వేదాంతాన్ని చెబుతూ కూడా దేహబాధను దాచుకోలేదు.

అయితే ఆయన ఎంత ఆరోగ్యం అడిగారన్నది గమనించదగిన విషయం. నాలుగవ దశకం ఆరంభంలోనే, నిన్ను ఉపాసించడానికి సరిపడేటంత ఆరోగ్యం చాలునని ఆయన కోరుకుంటారు. దానివెంటనే యమ నియమాలు, ఆసనం, ప్రాణాయామం మొదలైన అష్టాంగయోగ సాధనను వర్ణిస్తారు. దేహాన్ని, శ్వాసను, మనస్సును, వాక్కును ఒకే త్రాటిపై నడిపించాలన్నది ఆయన భావం. ఆరోగ్యం భోగానికి కాక ఉపాసనకు పనిముట్టు అయినప్పుడే దానికి సార్థకత అని ఆయన హృదయం.

దేహరోగం కంటే సూక్ష్మమైన మరొక రోగం కూడా ఆయనను పట్టిందని క్షేత్ర ఐతిహ్యం. పూంతానం నంబూద్రి అనే భక్తుడు తాను మలయాళంలో రచించిన కావ్యాన్ని పరిశీలించమని భట్టతిరిని వినయంగా అర్థించాడు. దేశభాషలో రాసినది తాను చూడవలసినది కాదన్నట్లు భట్టతిరి ఉపేక్షించారు. పూంతానం కన్నీటితో వెనుదిరిగాడు. ఆ రాత్రి భట్టతిరికి బాధ మరింత తీవ్రమైంది. స్వామి సాక్షాత్కరించి, నీ విభక్తి కంటే పూంతానం భక్తియే తనకు ప్రియమని తెలిపాడట. మరునాడు భట్టతిరి ఆ భక్తుని వెదకి, క్షమాపణ వేడి, కావ్యాన్ని ఆదరంతో చదివారు. మందులు కీళ్లకు అందుతాయి. పాండిత్య గర్వానికి మందు పశ్చాత్తాపమే.

నూరవ దినాన స్వామి దివ్యమంగళ రూపం ఆయనకు కన్నులకు కట్టింది. కేశాల నుండి పాదాల వరకు ఆ రూపాన్ని వర్ణించి, ఆయుష్షు, ఆరోగ్యం, సౌఖ్యం అనే మూడు మాటలు కలిసిన సమాసంతో గ్రంథాన్ని ముగించారు. ఆ సమాసంలో ఒక లెక్క దాగి ఉంది. కటపయాది పద్ధతిలో అచ్చుకు సున్న, యకారానికి 1, రేఫకు 2, సకారానికి 7. ఈ ప్రకారం అక్షరాలను అంకెలుగా మార్చి కుడి నుండి ఎడమకు చదివితే 17,12,210 వస్తుంది. అది కలియుగారంభం నుండి ఆనాటికి గడచిన దినాల సంఖ్య. అంటే 1586వ సంవత్సరం, కొల్లం శకం 762, వృశ్చిక మాసం 28వ తేదీ. నేటికీ గురువాయూరులో ఆ తేదీని నారాయణీయ దినంగా పాటిస్తున్నారు.

స్వస్థుడైన భట్టతిరి లభించిన ఆయుష్షును వ్యర్థం చేయలేదు. అంబలప్పుళ రాజు దేవనారాయణుని కోరికపై ప్రక్రియాసర్వస్వమనే వ్యాకరణ గ్రంథాన్ని రచించారు. చాక్యారుల కూత్తు కోసం ప్రబంధాలు కూర్చారు. గురువైన పిషారటి 1621 వరకు జీవించారు. గురువు నిర్యాణాన్ని శ్లోకబద్ధం చేసినది ఆ శిష్యుడే. భట్టతిరి వార్ధక్యంలో ముక్కోల భగవతి సన్నిధిని చేరి, అమ్మవారి పాదాలపై శ్రీపాదసప్తతి రచించి తరించారు.

చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయం చికిత్సను మూడు విధాలుగా విభజించింది. మంత్ర జప ఉపవాసాదులతో కూడినది దైవవ్యపాశ్రయం. ఆహార ఔషధాలతో చేసేది యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుండి మనస్సును మరలించేది సత్త్వావజయం. గురువాయూరు సేవలో ఈ మూడింటి ఛాయా కనిపిస్తుంది. తెల్లవారుజామున 3 గంటలకు నిర్మాల్య దర్శనం, పుష్కరిణిలో స్నానం, నామస్మరణ, మితాహారం, స్వామికి అభిషేకించిన నువ్వుల నూనె ప్రసాదం. నియమంతో భజనకు కూర్చున్నవారి దినచర్య అంతా ఒక చికిత్సయే.

నేడు మన ఇళ్లలో రెండు పొరపాట్లు కనిపిస్తున్నాయి. కొందరు పారాయణ చేస్తున్నాం కదా అని వైద్యుడు ఇచ్చిన మందు మానివేస్తారు. మరికొందరు మందులు వేళకు వేసుకుంటూ మనస్సును కోపానికి, చింతకు అప్పగించి ఉంచుతారు. ఒక అంగాన్ని వదలిన చికిత్స కుంటినడకయే. వైద్యుని మాటను నారాయణుని ఆజ్ఞగా పాటించండి. వేళకు నిద్ర లేచి, మితంగా భుజించి, ఇతరులను నొప్పించని మాటను అలవరచుకోండి. దానితోపాటు రోజుకు ఒక్క దశకం పఠిస్తే నూరు దినాలకు గ్రంథం పూర్తవుతుంది. అడగవలసినది భట్టతిరి అడిగినంతే: స్వామి సేవకు సరిపడే ఆరోగ్యం.