ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్: ఆ బూడిద రంగు పుస్తకం వెనక ఒక ఫ్రెంచి దొర

గవర్నర్‌పేట నుంచి డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్తున్నారు అనుకోండి. అక్కడ కారు నడపాలంటే ఇంటర్నేషనల్ లైసెన్స్ ఉండాలని ఎవరో చెబుతారు. ఫోన్ తీసి వెతికితే ముందు ప్రకటనలే కనిపిస్తాయి. ఫొటో అప్‌లోడ్ చేయండి, కార్డుతో డబ్బు కట్టండి, మూడేళ్ల పర్మిట్ ఇంటికే పంపిస్తాం అంటాయి. గ్లోబు బొమ్మ, గుండ్రటి ముద్ర, ఏదో అంతర్జాతీయ మోటారు సంఘం పేరు అన్నీ ఉంటాయి. డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. పర్మిట్ ఇచ్చే అధికారం ఆ సంఘానికి ఎవరిచ్చారు?

ఇది తేలిక ప్రశ్న కాదు. ఎందుకంటే కొన్ని దేశాల్లో మోటారు క్లబ్బులే ఈ పర్మిట్ ఇస్తాయి, అదీ చట్టబద్ధంగానే. టెక్సస్ లైసెన్సు ఉన్న మీ అబ్బాయి యూరప్ వెళ్లాలంటే ట్రిపుల్ ఏ అని పిలిచే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్‌లో తీసుకోవచ్చు. నకిలీలకు సందు దొరికింది ఇక్కడే. ప్రభుత్వం చేయాల్సిన పని క్లబ్బుల చేతికి ఎలా వెళ్లిందో తెలియాలంటే పారిస్‌కి, జూల్-ఆల్బర్ట్ డి డియాన్ అనే దొరగారి దగ్గరకి వెళ్లాలి.

ఆయన 1856 మార్చి 9న పుట్టాడు. పాత ప్రభువుల వంశం. కౌంట్ బిరుదు, బోలెడంత ఆస్తి, జూదం పిచ్చి, మాట పడితే ద్వంద్వయుద్ధానికి దిగే కోపం. మన పాత సినిమాల్లో జమీందారు గారి అబ్బాయిలాంటి మనిషే. కాకపోతే యంత్రం కనిపిస్తే అక్కడే ఆగిపోయేవాడు. 1881లో పారిస్‌లోని ఒక దుకాణంలో ఆవిరితో నడిచే బొమ్మ రైలింజను ఆయన కంటబడింది. చేసిందెవరని ఆరా తీస్తే జార్జ్ బూతోన్, ఆయన బంధువు ట్రెపార్దూ అని తేలింది. బొమ్మలు చేసుకుంటూ చాలీచాలని సంపాదనతో బతుకుతున్న ఇద్దరినీ మనుషులెక్కే బండి చేద్దాం రమ్మన్నాడు. 1883లో కంపెనీ పెట్టారు. ఇంట్లోవాళ్లకు ఇదంతా పరువు తక్కువ పని. అందుకే మొదట్లో బోర్డు మీద దొరగారి పేరు లేదు, ట్రెపార్దూ పేరే ఉంది.

1894 జులై 22న పారిస్ నుంచి రూఆన్ వరకు గుర్రాల్లేని బళ్ల పోటీ జరిగింది. దూరం 126 కిలోమీటర్లు, అంటే దాదాపుగా విజయవాడ నుంచి బందరు వెళ్లి వచ్చినంత. డి డియాన్ ఆవిరి బండి అందరికన్నా ముందు చేరింది. అయినా మొదటి బహుమతి రాలేదు. బొగ్గు వేయడానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి అది మామూలు జనం వాడుకునే బండి కాదన్నారు. ఈలోగా ఆయన మనసు పెట్రోలు ఇంజన్ల మీదకు మళ్లింది. ఆవిరినే నమ్ముకున్న ట్రెపార్దూ ఆ ఏడాదే కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. ట్రెపార్దూ రూపొందించిన ఇరుసును ఇంజనీర్లు ఇప్పటికీ డి డియాన్ యాక్సిల్ అనే అంటారు. పని ఒకరిది, పేరు ఒకరిది!

1895లో వచ్చిన చిన్న పెట్రోలు ఇంజను కంపెనీ దశ మార్చేసింది. లూయీ రెనో చేసిన మొదటి కారుకి పెట్టింది కూడా ఆ ఇంజనే. 1900 నాటికి డి డియాన్-బూతోన్ ప్రపంచంలోనే అతిపెద్ద కార్ల కంపెనీ అనిపించుకుంది.

అదే 1895 నవంబరులో బ్యారన్ జూయ్‌లెన్, పాత్రికేయుడు పాల్ మెయాన్‌తో కలిసి డి డియాన్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ పెట్టాడు. అధ్యక్ష పదవి బ్యారన్‌కే వదిలేశాడు. తన కోపం సంగతి తనకు తెలిసే ఉంటుంది. 1899లో ఫ్రాన్స్‌ను రెండుగా చీల్చిన డ్రైఫస్ కేసు వేడిలో, అధ్యక్షుడు లూబే హాజరైన గుర్రప్పందాల దగ్గర గొడవకు దిగి 15 రోజులు జైల్లో ఉన్నాడు. దాన్ని ఎండగట్టిన క్రీడా పత్రికకు పోటీగా మిత్రులతో కలిసి ఇంకో పత్రిక పెట్టించాడు. ఆ పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో మొదలుపెట్టిందే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం.

క్లబ్ అంటే పేకాట, విందు అనుకుంటాం. ఈ క్లబ్‌లో అవీ ఉండేవి, కానీ సభ్యుల అసలు ఇబ్బంది సరిహద్దుల దగ్గర. పారిస్ నుంచి బ్రస్సెల్స్ వెళ్లే కారును కస్టమ్స్ వాళ్లు దిగుమతి సరుకులా చూసేవారు. సుంకం మొత్తం డిపాజిట్ కట్టు, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకో అనేవారు. ప్రతి సరిహద్దు దగ్గరా ఇదే తంతు. సైకిలు యాత్రికులదీ అదే గోడు. 1898లో వాళ్ల టూరింగ్ క్లబ్బులు లక్సెంబర్గ్‌లో ఒక అంతర్జాతీయ సమితిగా ఏర్పడ్డాయి. తర్వాత ఏఐటీ అయింది అదే. క్లబ్బులు కనిపెట్టిన ఉపాయం సులువైనది. మా సభ్యుడికి మాదీ పూచీ, బండిని మీ దేశంలో అమ్మేస్తే సుంకం మేం కడతాం అని కాగితం రాసిచ్చేవారు. ఆ దేశంలోని క్లబ్ దాన్ని ఒప్పుకునేది. అంటే ప్రభుత్వాలు ఒకదాన్నొకటి నమ్మకముందే క్లబ్బులు నమ్ముకున్నాయి.

1904 జూన్ 20న జర్మనీలో కార్ల పందెం ముగిశాక వివిధ దేశాల మోటారు క్లబ్బులు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. కార్యాలయం పారిస్‌లో, డి డియాన్ వాళ్ల క్లబ్ దగ్గరే. 1946లో పేరు మార్చుకున్న ఆ సంఘమే నేటి ఎఫ్‌ఐఏ. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో జరిగిన ఫార్ములా ఈ పందెం దీని ఛాంపియన్‌షిప్‌లో భాగమే.

1907లో పెకింగ్ నుంచి పారిస్‌కి కార్లు బయలుదేరాయి. మొత్తం 5 బళ్లు, వాటిలో 2 డి డియాన్‌వి. ముందు అడ్డుపడింది ఎడారి కాదు, కాగితాలు. అనుమతి పత్రాలివ్వడానికి చైనా అధికారులు ససేమిరా అన్నారు. చివరికి ఇటాలా కారు గెలిచింది, డి డియాన్ కార్లు దాదాపు మూడు వారాల తర్వాత చేరాయి. తమాషా ఏంటంటే ఈ రోజుకీ చైనాలో మన ఇంటర్నేషనల్ పర్మిట్ చెల్లదు.

ప్రభుత్వాలు కదిలింది 1909 అక్టోబరులో. పారిస్ ఒప్పందంతో కారుకూ డ్రైవరుకూ అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. దాన్ని ప్రభుత్వ అధికారి ఇవ్వొచ్చు, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంఘం ఇవ్వొచ్చు అని రాసుకున్నారు. 1949 జెనీవా ఒప్పందంలోనూ ఆ వెసులుబాటు అలాగే ఉంది. బూడిద రంగు అట్ట, ఏడాది గడువు అక్కడివే. భారత్ కూడా ఆ ఒప్పందంలో ఉంది. గమనించాల్సిన మాట, ప్రభుత్వం అధికారమిచ్చిన సంఘం. వెబ్‌సైటు తనకు తానే అంతర్జాతీయం అని పేరు పెట్టుకుంటే చాలదు.

దొరగారి బళ్లు మన వైపూ వచ్చాయి. బెజవాడ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, మద్రాసులో కారు కొన్న తొలి భారతీయుడిగా పేరుపడ్డది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. తెలుగు కుటుంబం, మద్రాసు హైకోర్టు కట్టిన కాంట్రాక్టరు. ఆయన కారు డి డియాన్-బూతోన్, నంబరు ఎంసీ-3. ఆయన పుట్టిందీ 1856లోనే.

డి డియాన్ ఆ తర్వాత పార్లమెంటు సభ్యుడిగా, సెనేటర్‌గా చాలా ఏళ్లు ఉన్నాడు. కంపెనీ మాత్రం నిలబడలేదు, 1930ల మొదట్లోనే కార్ల తయారీ ఆగింది. 1946 ఆగస్టు 19న, 90 ఏళ్ల వయసులో పోయాడు.

ఇక మీ డల్లాస్ ప్రయాణం సంగతి. మన రాష్ట్రంలో దారి రవాణా శాఖదే. పరివాహన్ సారథి పోర్టల్‌లో ఫారం 4ఏ నింపాలి. చెల్లుబాటులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు కావాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు రూ.1,000. వీసా, మెడికల్ సర్టిఫికెట్ ముందే చూపాలన్న షరతును 2021లో తీసేశారు. 2022 నుంచి పర్మిట్‌పై క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాన్ని మీ లైసెన్సుకు కలుపుతారు. గడువు ఏడాది, లైసెన్సు అంతకన్నా ముందే ముగిస్తే అప్పటివరకే. మూడేళ్లది ఇస్తామంటే అక్కడే అనుమానించండి.

పర్మిట్ ఒక్కటీ చాలదు, అసలు లైసెన్సు కూడా దగ్గరుండాలి. డిజిలాకర్ చూపిస్తే బెంజి సర్కిల్‌లో సరిపోతుంది, డల్లాస్‌లో సరిపోతుందనుకోవద్దు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం, వెళ్లే రాష్ట్రం సైటు ఒకసారి చూసుకోండి.

సొంత కారునే విదేశానికి తీసుకెళ్లాలంటే కావాల్సింది ఇంకో కాగితం, కార్నే. సుంకానికి పూచీ పడే ఆ పాత క్లబ్ కాగితమే ఇది. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. అక్కడ ఉండగా పర్మిట్ గడువు అయిపోతే ఇండియాకు రానక్కర్లేదు, భారత రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.