వనారస గోవిందరావుగారు

కుటుంబమునే నాటకసమాజముగా తీర్చిన మహనీయులు వనారస గోవిందరావుగారు. మన ఆరె మరాఠీ పూర్వులు మహారాష్ట్రమునుండి వలసవచ్చినవారు. తెరవెనుక దీపపు వెలుగున తోలుబొమ్మల నాడించుచు రామాయణ భారతగాథలను వినిపించుట వారి వృత్తి. 1885వ సంవత్సరమున కడప మండలమందలి సురభి గ్రామమున వారు బొమ్మలను విడిచి, తామే వేషములు ధరించి కీచకవధ నాటకమాడిరి. ఆ గ్రామనామమే సమాజమునకును, వంశజులకును ఇంటిపేరువలె స్థిరపడినది.

కులస్త్రీ రంగమెక్కుట అపవాదమని లోకమెంచిన దినములవి. ఇతర సమాజములలో పురుషులే స్త్రీపాత్రలు ధరించుచుండగా, గోవిందరావుగారి సమాజమున కుమార్తెలును కోడండ్రును ద్రౌపదులై, సీతలై నిలిచిరి. తల్లి రంగముపై నుండగా తెరచాటున నిదురించిన బిడ్డయే కొన్నాళ్లకు బాలకృష్ణుడయ్యెడిది. సంతతి పెరిగినకొలది సమాజము శాఖలై తెలుగునాడంతయు సంచరించినది.

1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో సురభి కమలాబాయిగారు లీలావతి పాత్ర ధరించిరి. అది సురభికి కీర్తి. ప్రేక్షకుడు గుడారము విడిచి సినిమాహాలునకు మరలిన దారియు నదియే. 1947లో దేశము స్వతంత్రమయ్యెను. 1948లో మద్రాసు రాష్ట్రమున జమీందారీల రద్దుకు చట్టము వచ్చెను. 1949లో హైదరాబాదు రాజ్యమున జాగీర్లు పోయెను. ప్రజలకు మేలైన ఈ మార్పువలన కళకు పాతపోషకులు కరవైరి. జీతగాండ్రతో నడచు సమాజములు అట్టి కాలమున నిలుచుట కష్టము. సురభి నిలిచినది, ఏలన, అది ఇల్లు. ఆ పరంపరలోని రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది.

అయినను ఆ నిలుకడకు మూల్యము చెల్లించినది బిడ్డలని మేమెరుగుదుము. మేము బోనకల్లులో ఉపాధ్యాయులమై యుండగా ఒక నాటకసమాజపు బాలిక మా తరగతిలో చేరెను. పద్యమును రాగయుక్తముగా చదివెడిది. తన పేరు మాత్రము తప్పులేక వ్రాయజాలదు. నెల తిరుగకమునుపే గుడారమెత్తిరి. హాజరుపట్టీలో ఆమె పేరు కొట్టివేయుటకు మాకు చేయి రాలేదు.

గోవిందరావుగారు బిడ్డలకు రంగము నిచ్చిరి. వారికి చదువు నిచ్చుట మన వంతు. నాటకము మానుమనుట ధర్మము కాదు. బడి మానుమనుట అంతకన్న కాదు. సమాజములు ఊరూర తిరుగుచున్నను బిడ్డలు ఒకచోట నిలిచి చదువుకొనుటకు వసతిగృహమొకటి ఏర్పరచుడని ఈ మహాసభకు విచ్చేసిన కులపెద్దలను, వదాన్యులను ప్రార్థించుచున్నాము. ఆ మహనీయునకు మనమీయదగిన నివాళి యిదియే.