లూయీ చార్లెస్ బ్రెగే

లూయీ చార్లెస్ బ్రెగే (జనవరి 2, 1880 - మే 4, 1955) ఫ్రాన్సు దేశానికి చెందిన విమాన రూపకర్త, పారిశ్రామికవేత్త. విమానం ఎంత దూరం ఎగరగలదో లెక్కగట్టే బ్రెగే సూత్రం ద్వారా ఈయన పేరు నేటికీ విద్యార్థులకు పరిచితము.

జీవితం

బ్రెగే పారిస్‌లో జన్మించాడు. ప్రఖ్యాత గడియారాల నిర్మాత అబ్రహాం లూయీ బ్రెగే ఈయన పూర్వీకుడు. విద్యుత్ ఇంజనీరింగు చదివి, మొదట కుటుంబ సంస్థలో పనిచేశాడు. 1907లో సోదరుడు జాక్, ఆచార్య షార్ల్ రిషేల సహకారంతో నిర్మించిన గైరోప్లేన్ మనిషితో సహా నేలనుండి పైకి లేచింది. (రిషే 1913లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన వాడే.) అయితే అది ఒరిగిపోకుండా నాలుగు మూలలా మనుషులు పట్టుకోవలసి వచ్చినందున దానిని స్వేచ్ఛా విహారంగా పరిగణించరు. 1911లో విమాన నిర్మాణ సంస్థను స్థాపించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ సంస్థ తయారుచేసిన బ్రెగే 14 విమానంలో కలపకు బదులు అల్యూమినియం మిశ్రమలోహాన్ని విస్తారంగా వాడారు. 1919లో ఒక విమానయాన సంస్థ స్థాపనలోనూ పాలుపంచుకున్నాడు. అది 1923లో ఎయిర్ యూనియన్‌లోను, 1933లో ఎయిర్ ఫ్రాన్స్‌లోను విలీనమైంది.

దూర సూత్రం

ఇంజను సామర్థ్యము, విమానాన్ని పైకెత్తే బలానికీ గాలి నిరోధానికీ గల నిష్పత్తి, బయలుదేరే బరువుకూ దిగే బరువుకూ గల నిష్పత్తి యొక్క సహజ సంవర్గమానము - ఈ మూడింటి లబ్ధానికి దూరం అనులోమానుపాతంలో ఉంటుంది. సంవర్గమానం ఎందుకంటే, మోసుకుపోయే ఇంధనాన్ని మోయడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. ఉదాహరణకు దిగేటప్పుడు 100 టన్నులుండే విమానం 50 టన్నుల ఇంధనంతో బయలుదేరితే ఆ విలువ 0.405, 100 టన్నులతో బయలుదేరితే 0.693. అనగా ఇంధనం రెట్టింపైనా దూరం 1.7 రెట్లే పెరుగుతుంది.

ఈ సూత్రాన్ని బ్రెగే మొదట కనుగొన్నాడనడం సరికాదు. 1920లోనే అమెరికాలో జె.జి. కాఫిన్ దీనిని ప్రచురించాడు. కానీ 1922లో లండన్‌లో చేసిన ప్రసంగంలో బ్రెగే దీనిని విమానయానపు ఖర్చుతో ముడిపెట్టాడు. గాలి నిరోధాన్ని తగ్గిస్తే రవాణా చౌక అవుతుందని లెక్కలతో చూపాడు. పేరు ఈయనకు దక్కడంలో కొంత న్యాయం లేకపోలేదు.

వేగం, ఇంజను పనితీరు మారవని ఈ సూత్రం ఊహిస్తుంది. నిజానికి ఇవన్నీ మారుతూనే ఉంటాయి. అందుచేత ప్రయాణీకుల విమానాల పనితీరును అంచనావేసే కంప్యూటరు నమూనాలు ప్రయాణాన్ని చిన్న చిన్న ఖండాలుగా విడగొట్టి, ఒక్కొక్క ఖండంలో ఇంజను బలాన్ని, ఇంధన వ్యయాన్ని, తగ్గిన బరువును లెక్కించి కూడుతాయి. ఐరోపాలో యూరోకంట్రోల్ సంస్థ రూపొందించిన బాడా ఇటువంటి నమూనాయే. అయినా కొత్త విమానానికి తొలి అంచనా వేయడానికి ఇప్పటికీ బ్రెగే సూత్రమే ఆధారం.

ఇతర విశేషాలు

1930 సెప్టెంబరులో కోస్త్, బెలోంత్‌లు భారీగా ఇంధనం నింపిన బ్రెగే 19 విమానంలో పారిస్ నుండి న్యూయార్క్‌కు సుమారు 37 గంటలలో ఆగకుండా చేరుకున్నారు. బ్రెగే 1924 ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పందెంలో కాంస్య పతకం పొందాడు. ఈయన సంస్థ 1971లో దసో సంస్థతో విలీనమైంది.