కోట కాచిన ఆటగాడు: పాల్ యానెస్

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాని పేరు ఊరంతా మారుమ్రోగుతుంది. గోలు పడకుండా అడ్డుకొన్నవాని పేరు ప్రేక్షకులు ఇల్లు చేరేలోపలే మరుగున పడుతుంది. అయినా, అడ్డుకొనే స్థానంలోనే నిలిచి చిరకీర్తి గడించిన జర్మను క్రీడాకారుడు పాల్ యానెస్.

ఆయన 1912 మార్చి 11న, నేడు లెవర్కూజెన్ పట్టణంలో కలిసివున్న క్యుపర్‌స్టెగ్‌లో జన్మించాడు. 1930లో డ్యుసెల్‌డోర్ఫ్ నగరపు ఫోర్టునా జట్టులో చేరి, కుడివైపు రక్షణభారం వహించాడు. 1933లో ఆ జట్టు షాల్కె జట్టును 3–0 గోలులతో ఓడించి జర్మనీ విజేత అయింది. యానెస్ మితభాషి. ఎదుటివాని కాలినుండి బంతిని ఒడుపుగా తప్పించడంలోనూ, నిలిపిన బంతిని గురి తప్పక కొట్టడంలోనూ దిట్ట.

1932లో హంగరీపై ఆయన తొలిసారి దేశం తరఫున ఆడాడు. 1934 ప్రపంచ కప్పులో మూడవ స్థానం పొందిన జట్టులోను, 1937 మే 16న బ్రెస్లౌ నగరంలో డెన్మార్కును 8–0 గోలులతో ఓడించిన ప్రఖ్యాత జట్టులోను ఆయన ఉన్నాడు.

అప్పటికే జర్మనీ హిట్లరు పాలనలో ఉంది. 1938 మార్చిలో ఆస్ట్రియాను కబళించిన పాలకులు ఆ దేశపు ఆటగాండ్రను తమ జట్టులో కలిపివేశారు. కలయిక బలం కాలేదు. ఆ యేటి ప్రపంచ కప్పులో స్విట్జర్లాండు చేతిలో 4–2 గోలులతో ఓడి జర్మనీ ఆదిలోనే వెనుదిరిగింది. పాలకులకు ఆట ఒక ప్రచారసాధనం. యుద్ధకాలంలో జాతీయ జట్టుకు నాయకుడై యానెస్ ఆ జెండా క్రిందనే ఆడాడు. ఆయన ప్రతిభను కొనియాడేవారు ఈ సంగతిని మరుగుపరచడం న్యాయం కాదు.

1942 నవంబరు 22న బ్రాటిస్లావాలో స్లొవాకియాపై జర్మనీ 5–2తో గెలిచింది. అది యానెస్ ఆడిన 71వ అంతర్జాతీయ పోటీ. అదే చివరిది కూడా. అప్పటికాయన వయస్సు ముప్పై. ఆ లెక్క ఆగింది కాళ్ళలో సత్తువ తగ్గి కాదు, యుద్ధం ఆటను మింగివేయడంవల్ల. సరిగా ఎనిమిదేండ్లకు, 1950 నవంబరు 22న, పశ్చిమ జర్మనీ జట్టు స్టుట్‌గార్ట్‌లో మళ్ళీ బరిలో దిగింది. అందులో యానెస్ లేడు.

కాని ఆయన ఆటను విడువలేదు. 1951 వరకు ఫోర్టునాకు ఆడాడు. శిక్షకుడుగా పనిచేసి, తానెరిగిన విద్యను తరువాతి తరానికి అందించాడు. ఆయన 71 పోటీల లెక్కను 1970లో ఊవె సీలర్ దాటేవరకు ఎవ్వరూ అధిగమించలేదు.

1987 జూన్ 12న డ్యుసెల్‌డోర్ఫ్‌లో యానెస్ కన్నుమూశాడు. తరువాత ఫోర్టునా పాత క్రీడాస్థలానికి ఆయన పేరు పెట్టారు. విజయాలను పాలకులు తమ ఖాతాలో వ్రాసుకొన్నారు. ఆ పాలన కూలిపోయింది. రెండు దశాబ్దాలు ఒకే జట్టుకు కావలి కాచిన ఆటగాని పేరు మాత్రం అతడు ఆడిన నేలపైనే నిలిచింది.